గోదాట్లో పారేద్దామన్న ఓడ

భద్రాచలం వెళ్లేవాళ్ల సంచిలో ఏముంటాయి? కొబ్బరికాయలు, పులిహోర పొట్లాలు, గోదావరి స్నానానికి ఓ జత బట్టలు. కిందటి శీతాకాలంలో మా సంచిలో వీటితోపాటు ఓ యుద్ధనౌక కూడా ఉంది. అదీ సగం అతికించి వదిలేసింది!

ఆ నౌక కథ చెప్పాలంటే ముందు ఖమ్మంలో మా అక్కావాళ్లింటి అటక దగ్గరికి వెళ్లాలి. మా మేనల్లుడు ఏడో తరగతి. వాడికి ఓడలంటే పిచ్చి. సముద్రాన్ని చూసింది ఒక్కసారే. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపల అటు నుంచి ఇటు నడిచొచ్చాడు. అప్పట్నుంచీ నోట్‌బుక్కు వెనక పేజీలన్నీ ఓడలే. సరే, పుట్టినరోజుకి ఓడ నమూనా కిట్ కొనిద్దామని నేనే వెళ్లాను. కొత్తవాళ్లందరూ చేసే తప్పే నేనూ చేశాను. ఎంత పెద్ద పెట్టె అయితే అంత గొప్ప కానుక అనుకున్నాను. 1941లో మునిగిపోయిన జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ కిట్ తెచ్చాను. పెట్టె తెరిస్తే ఏముంది? వందల ముక్కలు! బియ్యపుగింజంత ఫిరంగులు, వెంట్రుకంత నిచ్చెనలు.

మొదటిరోజు ఇల్లంతా పండగ. రెండోరోజు వేళ్లనిండా జిగురు. మూడోరోజు స్తంభం విరిగింది. నాలుగోరోజు పెట్టె అటకెక్కింది. అంతవరకైతే ఫర్వాలేదు. ఆర్నెల్ల తర్వాత బడిలో అట్టతో ఇల్లు చేసుకురమ్మంటే వీడు పక్కింటి పిల్లాడితో చేయించుకున్నాడట. ఎందుకురా అంటే, ‘నా చేతులు మంచివి కావమ్మా, నాకు రాదు’ అన్నాడట. అక్క ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. చేతులదేం తప్పు? తప్పు నేను ఎంచిన పెట్టెది!

‘రాములవారి దర్శనానికి వెళ్తున్నాం, నువ్వూ రారా’ అని అక్క పిలిస్తే, ‘ఆ బిస్మార్క్‌ని కూడా కారులో వేయండి’ అన్నాను.

టేకాకు కొలబద్ద

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెంలో రైల్వే స్టేషన్ బోర్డు చూసి కొత్తవాళ్లు తికమకపడతారు. స్టేషన్ పేరు ‘భద్రాచలం రోడ్’. భద్రాచలం మాత్రం ఇంకా 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది. రోడ్డుకి రెండువైపులా టేకు చెట్లు, అక్కడక్కడా వెదురు పొదలు. చలికాలం కదా, విస్తరంత టేకాకులు రాలి నేలంతా పరుచుకుని ఉన్నాయి.

టీ కోసం బావ కారాపాడు. మేనల్లుడు ఓ టేకాకు పట్టుకుని గాలికి ఊపుతున్నాడు. ఇదే అదను అనుకుని అడిగాను.

‘మన నేవీలో గోదావరి అని ఓ యుద్ధనౌక ఉండేది. పొడవు 126 మీటర్లు. దాన్ని ఆ ఆకుమీద పట్టించగలవా?’

‘ఎలా మామయ్యా?’

కిట్ పెట్టెమీద 1:350, 1:700 అని అంకెలుంటాయి. అదే స్కేలు. 1:700 అంటే అసలు ఓడని 700తో భాగించి చేసిన బొమ్మ. లెక్క వాడే కట్టాడు. గోదావరి నౌక 1:700లో 18 సెంటీమీటర్లు. అంటే చెక్కని పెన్సిలంత. 1:350లో దానికి రెట్టింపు, 36 సెంటీమీటర్లు. పెన్సిలంత ఓడ వాడి ఆకులో హాయిగా ఇమిడిపోయింది. మరి బిస్మార్క్? అసలు ఓడ 251 మీటర్లు. నేను కొన్న 1:350లో 72 సెంటీమీటర్లు! ‘ఇది ఆకులో కాదు, డిక్కీలో కూడా పట్టదు’ అని బావ నవ్వాడు.

స్కేలు చదవడం వస్తే సగం మోసం తప్పినట్టే. పెట్టెమీద బొమ్మ ఎప్పుడూ అలలు చీల్చుకుంటూ భయంకరంగానే ఉంటుంది. లోపల ఎంత పొడవు ఓడ ఉంది, ఎన్ని ముక్కలున్నాయి, ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతాం అనేది మాత్రం పక్కనుండే అంకెలే చెబుతాయి. మరి చిన్న స్కేలయితే తేలికేనా? అలా అనీ చెప్పలేం. చిన్న స్కేల్లో ముక్కలు కూడా చిన్నవవుతాయి. అందుకే చిన్న స్కేలు కంటే తక్కువ ముక్కలు ముఖ్యం. పొడవు ఓ జానెడో, జానెడున్నరో ఉండి ముక్కలు వంద లోపుంటే కొత్త చేతులకి అది చాలు.

సారపాక అట్ట

గోదావరి ఇంకా కనబడకముందే సారపాక కనబడుతుంది. జామాయిల్, సుబాబుల్ దుంగలేసుకున్న లారీలు ఫ్యాక్టరీవైపు వెళ్తుంటాయి. 1979లో ఇక్కడ అట్టల తయారీ మొదలైంది. భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో మొదలైన ఆ సంస్థ 2002లో ఐటీసీలో కలిసింది. మనం పారేసే చొక్కా పెట్టెలు, మందుల డబ్బాల్లాంటివన్నీ ఇలాంటి అట్టతో చేసేవే.

ప్లాస్టిక్ కిట్లు సామాన్యులకి అందక ముందు నుంచీ చాలా దేశాల్లో పిల్లలు ఓడలు చేసింది ఇలాంటి అట్టతోనే. పోలండ్‌లో 1957 నుంచి ‘మావీ మోడెలాష్’ అనే పత్రిక వచ్చేది. పేజీలనిండా కత్తిరించి అతికించుకునే ఓడలు, విమానాలు! ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1952లో ‘గోల్డెన్ హైండ్’ అనే తెరచాప ఓడని చిన్న ప్లాస్టిక్ కిట్‌గా తెచ్చింది. పిల్లల చేతిఖర్చు డబ్బులకి దొరికేలా చవగ్గా అమ్మారు. ప్లాస్టిక్ నమూనాలు ఇంటింటికీ చేరడం అక్కణ్నుంచే ఊపందుకుంది.

వంతెన ఎక్కాం. కింద గోదావరి. చలికాలపు నీళ్లు పాయలుగా చీలి, మధ్యలో ఇసుక తిన్నెలు మెరుస్తున్నాయి. మేనల్లుడు కిటికీలోంచి చూసి చూసి అన్నాడు.

‘మామయ్యా, ఆ డొక్కు ఓడని గోదాట్లో పారేద్దామా? ఎలాగూ పూర్తవదు.’

ఎవరం ఏం మాట్లాడలేదు.

కరకట్ట మీద నీటిగీత

దర్శనం అయ్యాక సాయంత్రం స్నానఘట్టానికి వెళ్లాం. గోదావరికి గీతలు గీసి బతికే ఊరు భద్రాచలం. నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకి వచ్చాయి. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు. వానాకాలం ఇక్కడ పిల్లలకి కూడా ఈ అంకెలు నోటికొస్తాయి.

ఒడ్డున ఓ నాటు పడవ కట్టేసి ఉంది. నీళ్లలో ఎంతవరకు మునిగిందో అంతవరకు చెక్క నల్లబడి నాచు పట్టింది. పైభాగం ఎండకి వెలిసిపోయింది. రెంటికీ మధ్య ఓ గీత.

‘పడవ మొత్తంలో నీకు కనబడేదెంత?’ అన్నాను.

‘గీత పైనున్నదే.’

‘అదే చాలు, కింది భాగం చేయక్కర్లేదు అంటే?’

వాడు అర్థంకానట్టు చూశాడు. అప్పుడు చెప్పాను. జపాన్‌లో షిజువోకా అనే ఊరుంది. ఓడ నమూనాలకి అది పుట్టిల్లు. అక్కడి కంపెనీలు టమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి కలిసి 1971లో ఓ పని చేశాయి. 1:700లో, నీటిగీత దగ్గర అడ్డంగా కోసినట్టుండే ఓడల్ని వరసగా తేవడం మొదలుపెట్టాయి. వాటిని వాటర్‌లైన్ కిట్లంటారు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది. బల్లమీద పెడితే సముద్రం మీద తేలుతున్నట్టే. చుక్కాని, పంకాలు, అడుగున వేసే ఎర్రరంగు... ఇవేవీ ఉండవు. నిలబెట్టడానికి స్టాండూ అక్కర్లేదు. నీటిగీత దగ్గర ఎరుపు, బూడిద రంగులు కలవకుండా తిన్నగా వేయడం కొత్తవాళ్లకి గండం. ఆ గండమే తప్పిపోతుంది.

‘ముందే చెప్పొచ్చుగా మామయ్యా’ అన్నాడు వాడు. నిజమే. ముందే తెలుసుకుని ఉండాల్సింది నేనే!

అడవిలో ఆగిన ఓడదారి

మర్నాడు పర్ణశాల ప్రయాణం. భద్రాచలం ఊరు దాటితే ఓవైపు ఎటపాక. 2014లో మండలాలు చీలాక అక్కణ్నుంచి ఆంధ్రప్రదేశ్. మేం పట్టుకున్న దారి మాత్రం నదివెంట పైకి. పర్ణశాలకి ముందే దుమ్ముగూడెం వస్తుంది. బావ ఇక్కడ ఆపాడు, నేను ఆపమంటేనే.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కి ఇంకో పెద్ద కలుండేది. సముద్రం దగ్గర్నుంచి ఈ అడవుల మీదుగా వార్ధా దాకా నదిలో ఆవిరి పడవలు నడపాలని. మధ్య భారతంలో పండే పత్తిని నీళ్లమీదే తీరానికి తేవాలని. అడ్డం ఒకటే... రాళ్లు. దుమ్ముగూడెం, ఇచ్ఛంపల్లి, దేవలమర్రి దగ్గర నది బండరాళ్ల మీద నుంచి విరుచుకుపడుతుంది. వీటినే ఒకటి, రెండు, మూడు అడ్డంకులన్నారు. హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1860ల్లో పనులు జోరుగా సాగాయి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, పడవలు దాటడానికి లాకులు కట్టారు. అడవి జ్వరాలకి కూలీలు తట్టుకోలేకపోయారు. ఖర్చు పెరిగింది. ఈలోగా రైళ్లొచ్చాయి. 1871లో మొత్తం పని ఆపేశారు. వార్ధా దాకా ఆవిరి పడవల దారి కాగితాల్లోనే మిగిలింది.

‘అంటే వాళ్లది కూడా అటకెక్కిందా?’ అన్నాడు మేనల్లుడు.

‘ఎక్కింది. ఇంజినీర్లకి చేతులు రాక కాదు. ఎత్తుకున్న పని పెద్దదై.’

వాడు కాసేపు నీళ్లవైపు చూశాడు. తర్వాత పర్ణశాల దాకా కారులో బిస్మార్క్ పెట్టె వాడి ఒళ్లోనే ఉంది. మూత తీసి విరిగిన స్తంభాన్ని చూసుకుంటూ కూర్చున్నాడు.

గోదావరులు మూడు

ఆ రాత్రి లాడ్జిలో కరెంటు పోయింది. వరండాలో కూర్చుని మూడు గోదావరుల కథ చెప్పాను.

మొదటిది బ్రిటిష్ జమానాలోది. 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. దేశ విభజనలో పాకిస్తాన్ వాటాకి వెళ్లి పేరు ‘సింధ్’గా మార్చుకుంది. రెండోది 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన పాత డిస్ట్రాయర్. అంతకుముందు దాని పేరు బెడేల్. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని నడిపింది పోలండ్ నావికులు. మూడోదే మా టేకాకు మీద కొలిచిన గోదావరి. బొంబాయి మజగావ్ డాక్‌లో తయారై 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరింది. అంతకుముందు మనం కట్టిన నీలగిరి (1972) బ్రిటిష్ లియాండర్ డిజైన్. దాన్నే సాగదీసి, మన ఇంజినీర్లు సొంతంగా గీసిన మొదటి ఫ్రిగేట్ ఈ గోదావరి. నాలుగు వేల టన్నులు కూడా లేని ఓడమీద రెండు సీకింగ్ హెలికాప్టర్లకి చోటు కల్పించారు. 1988 నవంబరులో మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటు చేసి, బందీలతో ‘ప్రోగ్రెస్ లైట్’ అనే ఓడలో పారిపోతుంటే సముద్రంలో అడ్డుకున్నవాటిలో ఇదీ ఉంది. 2015 డిసెంబరు 23న విశ్రాంతి తీసుకుంది.

‘దాని కిట్ దొరుకుతుందా?’ అన్నాడు వాడు.

షాపుల్లో నాకు ఎక్కడా కనబడలేదు. దగ్గరి చుట్టం కావాలంటే ఎయిర్‌ఫిక్స్ ఎప్పుడో 1:600లో వేసిన లియాండర్ ఉంది. అదీ పాత కిట్. దొరికితే అదృష్టం.

‘అయితే మనమే చేద్దాం. సారపాక అట్ట ఉందిగా!’

కరెంటొచ్చింది. అక్క కొన్న కొత్త చొక్కా పెట్టె బలైంది. ఫోన్లో ఓడ ఫొటోలు తెరిచాం. 18 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు. ముందు మొన, వెనక తిన్నగా. అదే కొలతకి ఎనిమిది ముక్కలు కత్తిరించి ఒకదానిమీద ఒకటి ఫెవికాల్‌తో అతికించాడు. అదే ఓడ ఒళ్లు. నీటిగీత కింద ఏమీ లేదు! దానిమీద చిన్న పెట్టెల్లా గదులు. వెనక హెలికాప్టర్ల షెడ్డు. అగరుబత్తి పుల్ల స్తంభమైంది. నలుపు, తెలుపు కలిపి బూడిద రంగు వేశాడు. పక్కన ‘ఎఫ్ 20’ అని ఆ నౌక అంకె రాశాడు. మొన కొంచెం వంకర. షెడ్డు కొంచెం పెద్దది. రాత్రి పదకొండున్నరకి పూర్తయింది.

పూర్తయింది... ఆ మాట వాడే రెండుసార్లు అన్నాడు.

కొనేముందు ఇవి చూడండి

మీ ఇంట్లోనూ ఓడల పిచ్చి పిల్లలుంటే మా అనుభవం వినండి. పెద్దవాళ్లు మొదలుపెట్టినా ఇంతే.

మొదటిది జలాంతర్గామి అయితే మంచిది. రెండు పెద్ద ముక్కలు కలిపితే ఒళ్లు తయారవుతుంది. పైన గోపురం, వెనక చుక్కాని, పంకా. ఫిరంగులు, నిచ్చెనలు దాదాపు ఉండవు. మన నౌకాదళంలో 1986 నుంచి చేరిన సింధుఘోష్ తరగతినే ప్రపంచమంతా ‘కిలో’ తరగతి అంటుంది. ఆ పేరుతో కిట్లు దొరుకుతాయి. 1:350లో జానెడు పొడవు. ఆ తర్వాత 1:700 వాటర్‌లైన్ డిస్ట్రాయర్. విమానవాహక నౌకలు, బిస్మార్క్, యమాటో లాంటివి నాలుగైదు చేశాకే.

పెట్టెమీద ‘ఫొటో ఎచ్’ అని ఉంటే మొదటిసారికి వద్దు. పల్చటి ఇత్తడి రేకుతో చేసిన కమ్మీలు, నిచ్చెనలవి. వంచడం, అతికించడం అనుభవం ఉన్నవాళ్ల పని.

కిట్ ధర ఒక్కటే ఖర్చు కాదు. చాలా కిట్లలో జిగురు, రంగులు ఉండవు. ప్లాస్టిక్ కిట్ల కోసం అమ్మే జిగురే వాడాలి. అది ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. తక్షణం అంటుకునే జిగుళ్లతో తప్పు అతికిస్తే దిద్దుకోలేం, చుట్టూ తెల్లటి మరకలు కూడా పడొచ్చు. ముక్కల్ని చట్రంలోంచి విరవకూడదు. చిన్న కట్టర్‌తో తుంచి ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. బ్లేడు, జిగురు వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కనుండాలి, కిటికీలు తెరిచుండాలి. మొదలుపెట్టే ముందు ముక్కల్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే రంగు బాగా పడుతుంది. రంగులు నీళ్లలో కలిసే యాక్రిలిక్ అయితే పిల్లలకి తేలిక.

ఇంకో ముఖ్యమైన సంగతి. కథ తెలిసిన ఓడనే ఎంచుకోండి. చెయ్యి అలిసినప్పుడు మళ్లీ కూర్చోబెట్టేది ఆ కథే. వీటన్నిటికంటే ముందు ఓ అట్ట ఓడ చేయించండి. కిట్ కొనాలో వద్దో అదే చెప్పేస్తుంది. అందులో రుచి దొరక్కపోతే పోయేది ఖాళీ చొక్కా పెట్టే కదా!

ఇవన్నీ విన్నాక మావాడు తన మొదటి కిట్ తనే చెప్పాడు. జలాంతర్గామి. ‘కురుసుర లోపల తిరిగానుగా, దాని చుట్టాన్ని చేస్తా’ అన్నాడు. ఈసారి కొనడానికి నేనొక్కణ్నే వెళ్లలేదు. వాణ్నీ వెంటబెట్టుకెళ్లాను. పెట్టె చేతికి రాగానే వాడు ముందు చూసింది బొమ్మని కాదు, పక్కన అంకెల్ని!

వద్దు మామయ్యా...

భద్రాచలంలో చివరి రోజు పొద్దున్నే మళ్లీ స్నానఘట్టానికి వెళ్లాం. నదిమీద పొగమంచు. అవతల సారపాక గొట్టాలు మసగ్గా కనబడుతున్నాయి. నాటు పడవ ఒకటి అటు నుంచి ఇటు వస్తోంది. మేనల్లుడి చేతిలో అట్ట గోదావరి. పెట్టెలో బిస్మార్క్ కూడా కారులోనే ఉంది.

‘గోదావరిని గోదావరిలో ఓసారి వదిలి చూద్దామా?’ అన్నాను నవ్వుతూ.

వాడు ఓడని ఠక్కున గుండెలకి దగ్గరగా జరుపుకున్నాడు.

‘వద్దు మామయ్యా, తడిసిపోతుంది. నేను చేసింది.’

‘మరి బిస్మార్క్?’

కాసేపు ఆలోచించాడు.

‘అదీ వద్దులే. స్తంభం ఒక్కటేగా విరిగింది. తర్వాత చూద్దాం.’

అక్క నావైపు చూసింది. నేను నదివైపు చూశాను. తిరుగు ప్రయాణంలో బిస్మార్క్ పెట్టె డిక్కీలోకి వెళ్లింది. అట్ట గోదావరి మాత్రం ఖమ్మం దాకా ముందుసీట్లో, అద్దం దగ్గర నిలబడి వచ్చింది.